ఒకటో నంబరు బయట

ఆ గురువారం సాయంత్రం ఆయన మరచిపోయాడా, కావాలనే మానేశాడా?

ఈ ప్రశ్నకు జవాబు ఇప్పటికీ ఎవరి దగ్గరా లేదు. ఆయన భార్య దగ్గర లేదు. గేటు గదిలో తొమ్మిదేళ్ళు ఆయన గొంతు వింటూ కూర్చున్న ఆవిడ దగ్గర అసలే లేదు. ఆవిడ ఒక్కోసారి గిన్నెలు కడుగుతూ, "మరచిపోయాడు, అంతే" అని తేల్చేసుకుంటుంది. గిన్నెలు బోర్లించే సరికి, "ఆయనా? మరచిపోవడమా?" అని మళ్ళీ మొదటికి వస్తుంది.

అది ఊరి చివర, లారీలు తిరిగే రోడ్డు మీద ఒక పెద్ద కోల్డ్ స్టోరేజీ. మూడు చలిగదులు, రెండు మామూలు షెడ్లు. చలిగది అంటారు గానీ అది గది కాదు, ఒక సినిమా హాలంత ఉంటుంది. నిలువెత్తు ఇనప అరలు, వాటి నిండా చేపల పెట్టెలు, బఠాణీ సంచులు, ఐస్‌క్రీమ్ డబ్బాలు. లోపల సున్నాకి ఇరవై డిగ్రీల కింద ఉంటుంది. పరుపంత కోటు తొడుక్కుని మనిషి లోపలికి వెళ్ళి తలుపు పడిందంటే, ఎంత గొంతు చించుకున్నా బయట ఉన్నవాడికి వినపడదు. అందుకని లోపలికి వెళ్ళే ప్రతి మనిషి భుజానా ఒక వాకీటాకీ ఉంటుంది. అక్కడ దాన్ని వాకీటాకీ అని ఎవరూ అనరు. సెట్టు అంటారు. అలాంటివి నలభై. ఆ నలభైనీ చూసుకునే మనిషిని సెట్ల బాబాయి అంటారు. ఆయన అసలు పేరు జీతాల కాగితం మీద ఉంటుంది, అది చదివేటప్పుడు ఆయన కూడా ఒక్క క్షణం ఆగి చూసుకుంటాడు.

చార్జింగ్ గది చలి వైపే, తలుపులకు ఎదురుగా. ఒక పొడవాటి బల్ల, దాని మీద వరుసగా చార్జర్లు, గోడకి ఒక చెక్క అర. పనివాళ్ళు చలిగది నుంచి వచ్చి సెట్టు ఇస్తే ఆయన దాన్ని వెంటనే చార్జర్‌లో పెట్టడు. పొడిగుడ్డతో తుడిచి, చెక్క అరలో పడుకోబెట్టి, మీద ఇంకో గుడ్డ కప్పుతాడు. అరగంట అలా ఉండాలి. చలిలోంచి వచ్చిన సెట్టుకి వెచ్చటి గాలి తగిలితే చెమట పడుతుంది. ఆ చెమటతో, ఆ చల్లదనంతో చార్జింగ్‌కి పెడితే బ్యాటరీ ఆయుష్షు సగం అక్కడే పోతుంది.

"స్నానం చేయించిన చంటిపిల్లల్ని చుట్టినట్టు చుడతావేం బాబాయ్" అనేవాళ్ళు.

"చంటిపిల్లలైతే ఏడుస్తారు, తెలుస్తుంది. ఇవి చెప్పవు" అనేవాడు.

ప్రతి బ్యాటరీ మీదా అది వచ్చిన నెల, సంవత్సరం తెల్ల రంగుతో రాసి ఉండేది. ఏడాదిన్నర దాటిన బ్యాటరీ ఎంత బాగా పనిచేస్తున్నా దాన్ని చలిగదికి పంపడు, మామూలు షెడ్లకి మారుస్తాడు. వయసు మీద పడ్డాక చలికి తట్టుకోలేవని ఆయన లెక్క. "మరి నీ సంగతేంటి బాబాయ్, నీకు యాభై తొమ్మిది కదా" అని ఎవరో అడిగితే, "నా మీద తేదీ ఎవరూ రాయలేదు" అన్నాడు, రబ్బరు ముక్కతో బ్యాటరీ వెనక ఇత్తడి చుక్కల్ని రుద్దుతూ. నవ్వలేదు. ఆయన నవ్వడం చూసినవాళ్ళు తక్కువ. చూసినవాళ్ళు కూడా అది నవ్వేనా అని ఇంకొకర్ని అడిగి తెలుసుకున్నారు.

కొత్తగా చేరినవాళ్ళకి ఆయన పాఠం పది నిమిషాలు పట్టేది. సెట్టుని పైనున్న యాంటెన్నా పట్టుకుని ఎత్తకూడదు, తోక పట్టి లేపితే ఏ జంతువూ ఊరుకోదు. నోటికి నాలుగు వేళ్ళ దూరంలో పెట్టాలి. బటన్ నొక్కగానే మాట్లాడకూడదు. నొక్కి, ఒక ఊపిరి తీసుకుని, అప్పుడు మొదలుపెట్టాలి, లేకపోతే మొదటి మాట గాలికి పోతుంది. చెప్పడం అయ్యాక బటన్ వదలాలి. "నువ్వు నొక్కి పట్టుకున్నంతసేపూ మిగతా ముప్పై తొమ్మిది మందీ నోరు మూసుకుని ఉండాలి. నీ మాట అంత గొప్పదేనా అని ముందు చూసుకో."

ఈ ఊపిరి ఆయనకి ఎముకల్లోకి దిగిపోయింది. ఇంట్లోనూ అంతే. ఏదైనా అడిగితే ఒక ఊపిరి ఆగి జవాబు చెప్పేవాడు. చుట్టాలందరూ ఆయన్ని ఆచితూచి మాట్లాడే మనిషి అనుకునేవాళ్ళు, పెళ్ళి సంబంధాల దగ్గరా ఆస్తి తగాదాల దగ్గరా పిలిచి కూర్చోబెట్టేవాళ్ళు. ఆయన భార్య ఒకసారి ఏదో పని మీద స్టోరేజీకి వచ్చినప్పుడు గేటావిడతో చెప్పింది: "ఆలోచనా పాడా అమ్మా. లోపల బటన్ నొక్కుకుంటున్నాడంతే."

గేటావిడకి నలభై ఆరేళ్ళు. సెట్ల బాబాయికి మాత్రం ఆవిడ మొదటి రోజు నుంచీ "అమ్మాయ్". ఆవిడ బల్ల మీద పెద్ద సెట్టు ఉండేది, నలభై గొంతులూ దాంట్లోకే వచ్చేవి. ఆవిడ వెనక గోడకి ఒక చెక్క బోర్డు, దానికి నలభై కొక్కేలు, ఒక్కో కొక్కేనికి ఒక్కో బిళ్ళ. బిళ్ళకి ఒక వైపు ఎరుపు, ఒక వైపు తెలుపు. పొద్దున మనిషి సెట్టు తీసుకోగానే ఎరుపు వైపు తిప్పాలి. సాయంత్రం మనిషి చలి వైపు నుంచి బయటపడి, సెట్టులో తన నంబరు చెప్పి "బయట" అన్నాకే తెలుపుకి తిప్పాలి. "పదకొండు బయట." "ముప్పై బయట." అంతే. ఆ తర్వాతే సెట్టు అరలో పెట్టాలి.

మొదట్లో ఆ మాట "వెళ్తున్నాను" అని ఉండేదట. ప్యాకింగ్‌లో పనిచేసే ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. ఇంట్లోంచి అడుగు బయట పెట్టేటప్పుడైనా "వెళ్ళొస్తాను" అంటాం గానీ, రోజూ సాయంత్రం పనిగట్టుకుని "వెళ్తున్నాను" అనడమేంటి, అశుభం అన్నారు. "సరే, వెళ్ళొస్తాను అనండి" అన్నాడు అప్పటి మేనేజరు. సెట్ల బాబాయి దానికీ ఒప్పుకోలేదు. "వస్తారో రారో రేపటి సంగతి. వెళ్తున్నాను అన్నా నాకు పనికిరాదు. ఎటు వెళ్తున్నట్టు? లోపలికీ వెళ్ళొచ్చుగా." అలా చర్చ జరిగి జరిగి "బయట" దగ్గర ఆగింది. ఆ మాటకి శుభమూ లేదు, అశుభమూ లేదు.

నలభై బిళ్ళలూ తెల్లగా అయ్యేదాకా చలిగదుల తలుపులకి తాళం పడదు, పనివాళ్ళని ఇళ్ళకి చేర్చే కంపెనీ బస్సు కదలదు. అన్నిటికంటే ఆఖరున, సెట్లన్నీ తుడిచి పెట్టి, "ఒకటి బయట" అనేవాడు ఆయన. ఒకటో నంబరు ఆయనది. అది వినగానే గేటావిడ బిళ్ళ తిప్పి గంట నొక్కేది, డ్రైవరు బస్సు తీసేవాడు. డ్రైవరు ఆ మాటకి ఎంత అలవాటు పడ్డాడంటే, సెలవు రోజుల్లో ఇంట్లో తన భార్య "పద, బయటికి పోదాం" అంటే చెయ్యి గేరు మీదికి పోయినట్టు కదిలేదట.

ఇంత పట్టుదలకి కారణం అందరికీ తెలిసిందే. సెట్లు రాకముందు, ఆయన వయసులో ఉండి మూటలు మోసే రోజుల్లో, ఒక సాయంత్రం ఆయన్ని మూడో చలిగదిలో పెట్టి తాళం వేశారు. బయట గోడ కొక్కేనికి ఆయన టోపీ లేదు కాబట్టి ఇంటికి వెళ్ళిపోయాడనుకున్నారు. టోపీ నెత్తి మీద ఉంది. మిషన్ రూము మనిషి ఎందుకో తలుపు తీసేదాకా నలభై నిమిషాలు.

"లోపల ఏం చేశారు బాబాయ్?" అని గేటావిడ చేరిన కొత్తలో అడిగింది.

ఒక ఊపిరి. "బఠాణీ సంచులు లెక్కపెట్టాను. నాలుగు వందల పన్నెండు. కాగితంలో నాలుగు వందల పదే ఉన్నాయి."

అంతకు మించి ఆ కథ ఆయన నోటి నుంచి ఎవరూ వినలేదు. మూడో చలిగది వెనక వరుసలో కుడి మూల మాత్రం నేల మీద ఎర్రరంగు గీత ఉంటుంది. ఆ మూల సెట్టు మాట అందదు. గీత ఆయనే గీశాడు, ఏటా తనే రంగు వేసేవాడు. ఆ మూలకి పనిమీద వెళ్ళేవాడు గీత దగ్గర ఆగి "మూలకి" అని, తిరిగొచ్చాక "వచ్చాను" అనాలి.

బోర్డు కింద ఒక రేకు ముక్క మీద ఆయన చేత్తో రాసినవి రెండు రూల్సు. ఒకటి: బిళ్ళ తిరగకపోతే ముందు వెతకాలి, ఇద్దరిద్దరుగా, వరుస తర్వాత వరుస, మూడు గదులూ ఖాళీ అన్నాకే ఇంటికి ఫోన్ చేయాలి. రెండు: చెప్పకుండా వెళ్ళిన మనిషికి చలి వైపు సెట్టు లేదు.

మొదటి రూలులో ఇంటికి ఫోన్ ఆఖర్న ఎందుకని అడిగితే, "ఇంటివాళ్ళు దారిలో ఉంటాడులే అంటారు. మనం నమ్మేస్తాం. నమ్మి తాళం వేస్తాం" అన్నాడు.

రెండో రూలు కింద శిక్ష పడ్డవాడు అప్పటికి ఒక్కడే. ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు, అందరూ తొందర అని పిలిచేవాళ్ళు. ఎనిమిదేళ్ళ క్రితం భార్యకి నొప్పులొస్తున్నాయని కబురొస్తే సెట్టు సీటు మీద పడేసి పరిగెత్తాడు. ముప్పై మంది అరగంట వెతికారు. మర్నాడు మిఠాయి పొట్లం పట్టుకుని వచ్చాడు.

"ఆడపిల్ల బాబాయ్!"

"సంతోషం. ఇరవై రెండు బయట అనడానికి ఎంతసేపు పడుతుంది?"

"నువ్వు మనిషివేనా బాబాయ్?"

ఒక ఊపిరి. "మిఠాయి తీసుకుంటాను. సెట్టు ఇవ్వను."

ఆ రోజు నుంచీ తొందర మామూలు షెడ్డులో ఉల్లిపాయల మధ్య బండి నడిపాడు. తనని తాను బహిష్కృతుణ్ణని చెప్పుకునేవాడు. కూతురికి రెండో తరగతి వచ్చినా సెట్ల బాబాయి కనపడితే "ఆడపిల్ల బాబాయ్" అని అప్పుడే పుట్టినట్టు చెప్పేవాడు. ఆయన "సంతోషం" అనేవాడు.

కొత్త మేనేజరు వచ్చి సెట్లు తీసేసి ఫోన్లు పెడదామన్నాడు. చెడ్డవాడేం కాదు. చిన్నవాడు, మర్యాదగా మాట్లాడతాడు, చెప్పేది వింటాడు, విన్నాక తను అనుకున్నదే చేస్తాడు. వారం రోజులు రెండూ వాడి చూద్దాం, శుక్రవారం తేల్చుకుందాం అన్నాడు. ప్రతివాడికీ ఒక ఫోన్, చలిలో తెర మీద వేలు పనిచేసేలా ప్రత్యేకమైన తొడుగులు. గేటు గదిలో గోడకి ఒక తెర బిగించారు, దాని మీద స్టోరేజీ పటం, పటంలో నలభై నీలి చుక్కలు.

"చూడండి పెద్దాయనా, ఎవరెక్కడున్నారో కనిపిస్తూనే ఉంటుంది. బయట అని చెప్పక్కర్లేదు. ఈ బోర్డు కూడా అక్కర్లేదు."

సెట్ల బాబాయి తెర వైపు చూశాడు. ఒక ఊపిరి. "ఆ చుక్క ఫోన్ ఎక్కడుందో చెబుతుంది సార్. మనిషి ఎక్కడున్నాడో చెప్పదు."

"మనిషి దగ్గరే కదండీ ఫోన్ ఉండేది."

"టోపీ కూడా మనిషి దగ్గరే ఉంటుంది సార్."

మేనేజరుకి ఆ టోపీ కథ తెలియదు. మర్యాదగా నవ్వాడు.

నిజం చెప్పాలంటే ఫోన్లు బాగానే పనిచేశాయి. బుధవారానికి రెండు ఫోన్లు చలికి ఆరిపోయాయి, ఒక సెట్టుకి క్లిప్పు విరిగింది. పనివాళ్ళకి ఫోన్లే నచ్చాయి. తొందరకైతే మరీ. "ఎనిమిదేళ్ళ తర్వాత నాతో మాట్లాడుతున్నారక్కా చలి వైపు వాళ్ళు. ఇంత బోరు మనుషులని తెలీక ఇన్నాళ్ళు బెంగపెట్టుకున్నాను."

బుధవారం సాయంత్రం గేటావిడ సెట్ల బాబాయి దగ్గరికి వెళ్ళింది. ఆయన సెట్లకి గుడ్డ కప్పుతున్నాడు.

"పోతే పోనివ్వండి బాబాయ్. మీకింకా ఏడు నెలలేగా సర్వీసు. ఎక్కడో ఒకచోట కూర్చోబెడతారు."

"ఉద్యోగం ఏడు నెలలు అమ్మాయ్. తలుపు రోజూ మూస్తారు."

చార్జర్ల దీపాలు కొన్ని ఎర్రగా, కొన్ని పచ్చగా వెలుగుతున్నాయి.

గురువారం నాలుగున్నరకి గేటు దగ్గర రెండు లారీలు ఎదురెదురుగా ఇరుక్కున్నాయి. ఇద్దరు డ్రైవర్లూ దిగి, ఎవరి అమ్మమ్మ ఎవరికి బండి నడపడం నేర్పిందో తేల్చుకుంటున్నారు. గేటావిడ కిటికీలోంచి సగం బయటికి వంగి వాళ్ళని విడదీస్తూ ఉంది. ఆ పావుగంటలో ఆవిడ లారీలు తప్ప ఇంకేమీ చూడలేదు. ఈ ముక్క ఆవిడ తర్వాత చాలాసార్లు చెప్పుకుంది, ఎవరూ అడగకపోయినా.

అయిదింటికి మామూలుగా "బయట"లు మొదలయ్యాయి. చార్జింగ్ గది తలుపు తీసే ఉంది, ఆయన లేడు. ఏదో గదిలో ఎవరికో బ్యాటరీ మార్చడానికి వెళ్ళుంటాడని ఎవరి సెట్టు వాళ్ళే అరలో పెట్టేశారు. అయిదుంబావుకి బోర్డు మీద ఒక్క బిళ్ళే ఎర్రగా ఉంది. అందరూ బస్సెక్కి కూర్చున్నారు. అయిదున్నర అయింది.

గేటావిడ పెద్ద సెట్టు నొక్కి, ఊపిరి తీసుకుంది. "ఒకటి. ఒకటి. గేటు."

చప్పుడు లేదు.

మూడుసార్లు పిలిచింది. మేనేజరు వచ్చాడు. తెర చూశాడు. "ఇదిగో, చార్జింగ్ గదిలోనే ఉన్నాడు కదండీ" అన్నాడు. నీలి చుక్క అక్కడే ఉంది. ఇద్దరూ వెళ్ళారు. బల్ల మీద ఫోన్ ఉంది, తుడిచి, గుడ్డ కప్పి. ఆయన లేడు. ఒకటో నంబరు సెట్టు అరలోనూ లేదు, చార్జర్‌లోనూ లేదు.

"ఇంటికి ఫోన్ చేయండి" అన్నాడు మేనేజరు.

"రూలు అది కాదు సార్."

"ఏ రూలండీ?"

ఆవిడ రేకు ముక్క చూపించింది. మేనేజరు చదివాడు. మళ్ళీ చదివాడు. ఈలోపు ఆవిడ బస్సు దగ్గరికి వెళ్ళి ఒక్క మాట చెప్పింది. "ఒకటో నంబరు తిరగలేదు." బస్సులో ఉన్నవాళ్ళెవరూ ఎందుకు, ఏమిటి అనలేదు. టిఫిన్ డబ్బాలు సీట్ల మీద పెట్టి దిగారు. విప్పేసిన కోట్లు మళ్ళీ తొడుక్కుని, అరలోంచి సెట్లు తీసుకున్నారు. ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది, ఇద్దరిద్దరుగా విడిపోయారు.

తొందర కిటికీ దగ్గర నిలబడి చెయ్యి చాపాడు. "నాకో సెట్టు ఇయ్యక్కా."

"నీకు చలి వైపు సెట్టు లేదుగా."

"ఆయన వచ్చాక ఆయన్నే తిట్టమను."

ఇచ్చింది. వాడు నేరుగా మూడో గదికి, ఎర్ర గీత దగ్గరికి వెళ్ళాడు. "మూలకి" అని వినిపించింది. ఎనిమిదేళ్ళ తర్వాత సెట్టులో వాడి గొంతు. బటన్ నొక్కి ఊపిరి ఆగాడు కూడా. చాలాసేపటికి "వచ్చాను. మూల ఖాళీ" అన్నాడు. కాసేపాగి, "మళ్ళీ వెళ్తున్నా. పై అరలు చూస్తా" అన్నాడు.

ఆ తర్వాత గంటసేపు పెద్ద సెట్టులో ఇవే మాటలు. "ఒకటో గది, నాలుగో వరుస, ఖాళీ." "రెండో గది, తొమ్మిదో వరుస, ఖాళీ." ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడలేదు. ఒకరు చెప్పింది ముప్పై మందీ విన్నారు, చూసిన వరుస మళ్ళీ ఎవరూ చూడలేదు. మేనేజరు గేటు గదిలో నిలబడి వింటూ ఉన్నాడు. మొదట వాచీ చూసుకున్నాడు, తర్వాత చూసుకోవడం మానేశాడు. ఒకసారి మాత్రం, "ఆయన వయసెంతండీ?" అని అడిగాడు. ఆవిడ చెప్పింది. మేనేజరు కుర్చీ కోసం చూసి కూర్చున్నాడు. గోడ మీద నీలి చుక్క చార్జింగ్ గదిలో హాయిగా ఉంది.

ఆరూ నలభైకి మూడో గది ఆఖరి వరుస కూడా ఖాళీ అని తేలింది. గేటావిడ ఇంటి నంబరు నొక్కింది. ఆ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఆయన భార్య దగ్గరే ఉండేది.

"పిన్నీ, నేను, గేటు దగ్గర్నించి. బాబాయి..."

"ఇక్కడే ఉన్నాడమ్మా, టీ తాగుతున్నాడు. ఇవ్వనా?"

ఆవిడకి ఒక ఊపిరి కాదు, నాలుగు పట్టాయి. "ఎప్పుడొచ్చారు?"

"అయిదింటికే వచ్చేశాడు. ఏం, ఒంట్లో బాలేదేమోనని నేనూ అడిగాను. బటన్ నొక్కుకుంటూనే ఉన్నాడు, ఇంకా జవాబు రాలేదు."

"సెట్టు ఉందా పిన్నీ ఆయన దగ్గర?"

"భుజానే ఉంది. ఇంటికి ఎప్పుడూ తేడు, ఇదేం వేషమో అనుకున్నా. ఏమైందమ్మా?"

"ఏం లేదు. ఉన్నారుగా. ఉండనివ్వండి."

ఫోన్ పెట్టి, పెద్ద సెట్టు నొక్కింది. "ఒకటి బయట" అని తనే అంది. బిళ్ళ తెలుపుకి తిప్పింది. గంట నొక్కింది.

సెట్టులో తొందర గొంతు. "బయట అంటే ఎంత బయటక్కా?"

"ఇంటి దాకా."

"టీ తాగుతున్నాడా?"

"తాగుతున్నాడు."

"చక్కెర ఎక్కువెయ్యమను పాపం, అలిసిపోయుంటాడు."

కనుబొమలకి మంచు పట్టిన ముప్పై మంది బస్సులోకి ఎక్కుతూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బూతులు తిట్టినవాళ్ళు ఉన్నారు. నవ్వినవాళ్ళు కూడా వాళ్ళే.

శుక్రవారం ఉదయం ఆయన మామూలు టైముకే సైకిలు మీద వచ్చాడు. ఒకటో నంబరు సెట్టు తుడిచి, చార్జర్‌లో పెట్టి, గేటు గదికి వచ్చి నిలబడ్డాడు.

"ఎంతసేపు వెతికారు?"

"గంటా పది నిమిషాలు."

"మూడో గది మూల ఎవరు చూశారు?"

"తొందర. రెండుసార్లు."

"పై అరలు?"

"చూశాడు."

"ఇంటికి ఫోన్ ఎప్పుడు చేశావు?"

"అన్నీ ఖాళీ అన్నాక. మేనేజరు ముందే చేయమన్నారు, నేను చేయలేదు."

ఒక ఊపిరి. "మంచిది."

అప్పుడు ఆవిడకి ఒళ్ళు మండింది. "మంచిదేంటి బాబాయ్? మీరెక్కడో గడ్డకట్టుకుపోయి ఉంటారని ముప్పై మంది ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగాం. మరచిపోయారా? నిజం చెప్పండి. మరచిపోయారా, లేకపోతే..."

ఆయన నోరు తెరిచాడు. ఊపిరి తీసుకున్నాడు. అంతలో మేనేజరు లోపలికి వచ్చాడు. ఆ ఊపిరి తర్వాత రావలసిన మాట ఏమిటో ఆవిడకి ఇప్పటికీ తెలియదు.

మేనేజరు నిలబడే మాట్లాడాడు. "నిన్న మీరు నా తెర మీద గంటా పది నిమిషాలు చార్జింగ్ గదిలో కదలకుండా కూర్చున్నారు పెద్దాయనా."

"అవును సార్."

"ఆ ఫోన్‌ని నమ్మి ఉంటే నేను తాళం వేయించేవాణ్ణి."

"వేయించేవారు సార్."

మేనేజరు చేతిలో కాగితం ఉంది. చలిగదులకి సెట్లు, బోర్డు, రేకు ముక్క ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. ఫోన్లు మామూలు షెడ్లకి, ఆఫీసుకి. సంతకం పెట్టి, బోర్డు పక్కన తనే అంటించాడు. సెట్ల బాబాయి మొత్తం చదివాడు, కింద తేదీ దాకా.

తర్వాత చెయ్యి చాపి ఒకటో నంబరు బిళ్ళని కొక్కెం నుంచి తీసి, గేటావిడ బల్ల మీద పెట్టాడు.

"ఇదేంటి?" అన్నాడు మేనేజరు.

"రెండో రూలు సార్. చెప్పకుండా వెళ్ళాను."

"అది మీకు వర్తించదండీ. మీరు రాసిన రూలే కదా."

"ఎవరికి వర్తించదో దాని మీద రాసి లేదు సార్."

"సరే, మామూలు షెడ్డులో కూర్చోండి ఈ ఏడు నెలలూ."

"అక్కడ ఫోన్లు పెట్టారుగా సార్. నాకు ఫోన్లు తెలీవు."

మేనేజరు గేటావిడ వైపు చూశాడు. ఆవిడ రేకు ముక్క వైపు చూసింది. దాని మీద ఇద్దరికీ పనికొచ్చేది ఏమీ లేదు. మేనేజరు బతిమాలాడు. సెలవు పెట్టుకోమన్నాడు. ఆయన "సరే సార్" అన్నాడు. ఏ మాటకి సరే అన్నాడో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆ రోజంతా ఆయన చార్జింగ్ గదిలో మామూలుగానే పనిచేసుకున్నాడు. విరిగిన క్లిప్పు మార్చాడు. తేదీ దాటిన మూడు బ్యాటరీలు తీసి పక్కన పెట్టాడు. మధ్యాహ్నం తొందరని పిలిపించి, సెట్టుని ఎంతసేపు ఆరబెట్టాలో, రబ్బరుతో ఎంత రుద్దాలో, ఎక్కడ ఆపాలో చూపించాడు.

"నాకెందుకు బాబాయ్ ఇవన్నీ? నేను బహిష్కృతుణ్ణి."

ఆయన బల్ల సొరుగు లాగాడు. ఇరవై రెండో నంబరు బిళ్ళ అందులో ఉంది. ఎనిమిదేళ్ళుగా బోర్డు మీద ఆ కొక్కేనికి ఒక అట్టముక్క వేలాడుతూ ఉంది. అసలు బిళ్ళ ఎక్కడో పోయిందనుకున్నారు. రంగు కొత్తగా వేసి ఉంది, రెండు వైపులా.

"ఎనిమిదేళ్ళు చాలు" అన్నాడు. "రూలు మీద ఎన్నేళ్ళో రాయలేదు. అది నా తప్పు."

తొందర బిళ్ళ అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి, "ఆడపిల్ల బాబాయ్" అన్నాడు.

"సంతోషం."

అయిదింటికి "బయట"లు మొదలయ్యాయి. పదకొండు. ముప్పై. నాలుగు. గేటావిడ ఒక్కో బిళ్ళా తిప్పుతూ వచ్చింది. ఇరవై రెండు బయట అని గట్టిగా, అవసరం కంటే గట్టిగా వినిపించింది. అది కూడా తిప్పింది. ముప్పై తొమ్మిది తెల్ల బిళ్ళలు, ఒక ఖాళీ కొక్కెం. బస్సు డ్రైవరు చెయ్యి గేరు మీద పెట్టుకుని, రోజూ వినే మాట కోసం చూస్తున్నాడు. బస్సు నిండా జనం కిటికీల్లోంచి చూస్తున్నారు.

ఆయన సైకిలు నడిపించుకుంటూ వచ్చాడు. భుజాన ఏమీ లేదు. ఆ భుజం కాస్త పైకి లేచి ఉంది, ఇరవై ఆరేళ్ళు మోసిన బరువు హఠాత్తుగా తీసేసినట్టు. గేటు గది కిటికీ దగ్గర ఆగాడు. ఆవిడ అద్దం పక్కకి జరిపింది. ఆయన ఆవిడని చూడలేదు. ఆవిడ భుజం మీదుగా బోర్డు వైపు చూసి, పెదవులు కదుపుతూ బిళ్ళలు లెక్కపెట్టాడు. ముప్పై తొమ్మిది దాకా వచ్చి ఆగాడు.

ఆవిడ తెలియకుండానే పెద్ద సెట్టు బటన్ మీద వేలు పెట్టింది. నొక్కింది. ఊపిరి తీసుకుంది. పిలవడానికి నంబరు లేదు. వేలు తీసేసింది.

ఆయన కూడా ఒక ఊపిరి తీసుకున్నాడు. ఆవిడ ఎదురుచూసింది. "వెళ్ళొస్తాను అమ్మాయ్" అంటాడనుకుంది, "బయట" అంటాడనుకుంది, కనీసం లారీలు జాగ్రత్త అంటాడనుకుంది.

ఆయన సైకిలెక్కి, గేటు దాటి, ఎడమ వైపుకి తిరిగి వెళ్ళిపోయాడు.